శాపం మా రక్తంలో ఉందన్నారు

పెద్ద పోస్టు ఇది. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి.

ముందే ఒక మాట. ఈ గ్రూపులో పోలేరమ్మకి మొక్కేవాళ్లున్నారు, సేవాలాల్ మహరాజ్ భక్తులున్నారు, ఏ దేవుడూ లేడనేవాళ్లూ ఉన్నారు. ఎవర్నీ మార్చడానికి రాయట్లేదు. మేము క్రైస్తవ ఇళ్లల్లో పుట్టిన ఎస్టీ పిల్లలం. బందరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. ఏడుగురం. నలుగురం యానాదులం, ఇద్దరు ఎరుకల, ఒకడు సుగాలి. ఏడిళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మా విశ్వాసం ఎట్లా ఎండింది, మళ్లీ ఎట్లా చిగురేసింది, మధ్యలో "ఆత్మీయ యుద్ధం" అనే మాట మమ్మల్ని ఎన్ని తిప్పలు పెట్టింది, అదీ సంగతి. దేవుడి మాటలు మాకెందుకు అనుకునేవాళ్లు కూడా స్టువర్టుపురం ముక్క వరకైనా చదవండి. అది మనందరిదీ.

ఊళ్లో ఉన్నంతకాలం విశ్వాసం గురించి ఆలోచించే పనే ఉండేది కాదు. తాటాకు పాకలో మందిరం, ఆదివారం పొద్దున అమ్మ నూనె రాసి దువ్విన తల, కంజీర చప్పుడు, అయ్యగారి పొడుగాటి ప్రార్థన. రొయ్యల చెరువు కాపలాకి ఆదివారం సెలవుండదు కాబట్టి నాన్న ఎవరితోనో వంతు మార్చుకుని, బురద కాళ్లు కడుక్కుని వచ్చి చివర్లో కూర్చునేవాడు. హాస్టల్‌కి వచ్చాక లేపేవాళ్లు లేరు, పాడేవాళ్లు లేరు. రెండో సెమిస్టర్‌కల్లా బైబిలు పెట్టెలో బట్టల కిందకి చేరింది. ప్రార్థన చేస్తే మాటలు నోట్లోంచి వస్తున్నాయి గానీ ఎక్కడికీ పోతున్నట్టు అనిపించేది కాదు. దీన్ని పాపమని మేము అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోం. నీరు కట్టే మనిషి లేకపోతే మడి ఎండుద్ది. అందులో మడి తప్పేముంది.

అట్లా ఉన్నప్పుడు మంగినపూడిలో యువజన కూడిక అన్నారు. బందరుకి పదకొండు కిలోమీటర్లు. చూడనివాళ్లకి చెప్తున్నాం, మంగినపూడి తీరంలో ఇసక తెల్లగా ఉండదు. నల్ల మట్టి, తడిస్తే కాలు జారుద్ది. లోపలికి ఎంత నడిచినా లోతు తక్కువ. కార్తీక పౌర్ణమికీ మాఘ పౌర్ణమికీ జనం సముద్ర స్నానాలకి బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లంట, ఇప్పుడు ఆటోల్లో వస్తారు. మనవాళ్లు బాప్తిస్మాలు తీసుకునేదీ ఆ నీళ్లలోనే. పక్కనే పోర్టు పని జరుగుతోంది. ఆ సాయంత్రం చెట్ల దగ్గర షామియానా వేసి పెద్ద పెద్ద బాక్సులు పెట్టారు.

ప్రసంగీకుడు దూరం నుంచి వచ్చాడు. పేరు రాయం. గొంతు మంచిది. మొదటి అరగంట మాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఆ సంగతి దాచం. ఎండిన మడిలో చినుకు పడ్డట్టే అనిపించింది. తర్వాత మాట ఆత్మీయ యుద్ధం వైపు తిరిగింది. మాలాంటి పిల్లలు చాలామంది వచ్చారని ఆయనకి తెలుసు. గిరిజన కులాల మీద తరతరాల శాపం ఉందన్నాడు. మీ తాతలు విగ్రహాలకి కోళ్లు కోశారు, సోది చెప్పారు, ఆకు మందులతో దయ్యాల పని చేశారు, దొంగతనాలు చేశారు, అది రక్తంలో దిగుద్ది, అందుకే మీ పిల్లలు పరీక్షలు తప్పుతారు, మీ నాన్నలు తాగుతారు, మీ ఇళ్లు నిలవవు అన్నాడు. ఆ శాపం తెంచాలంటే ఇరవై ఒక్క రోజులు ఉపవాసం, ఒక విడుదల కానుక. కాలితో నేల తన్నమన్నాడు, సాతాను తల తొక్కుతున్నట్టు. అందరూ తన్నారు. నల్ల మట్టి ఎగిరి బట్టల మీద పడింది.

మా ఇద్దరు ఎరుకల పిల్లల్లో ఒకడు ముందుకెళ్లి మోకాళ్లూనాడు. వాణ్ణి మేము బావా అని పిలుస్తాం, ఇక్కడా అదే పేరు.

ఇరవై ఒక్క రోజులూ చేస్తానన్నాడు. పొద్దంతా మంచినీళ్లు, రాత్రి రెండు అరటిపళ్లు. ఉపవాసాన్ని మేము తక్కువ చేసి మాట్లాడట్లేదు, మా అమ్మలు శుక్రవారాలు చేస్తారు. కానీ అమ్మల ఉపవాసం నెమ్మదిగా ఉంటది. బావది అట్లా లేదు. రాత్రి రెండింటికి లేచి గోడకేసి అరిచేవాడు, "తెగిపో, తెగిపో" అని. పక్క గదివాళ్లు తలుపులు కొట్టేవాళ్లు. ఇంటర్నల్స్ రాయలేదు. స్కాలర్‌షిప్పు డబ్బుల్లో ఐదు వేలు కానుకకి పక్కన పెట్టాడు. ఎందుకురా ఇంత అంటే ఒకటే మాట, "మా ముత్తాత పేరు పోలీసు రిజిస్టర్‌లో ఉండేదిరా. ఆ రక్తమేగా ఇది." పన్నెండో రోజు పొద్దున బాత్రూమ్‌ దగ్గర పడిపోయాడు. ఆటోలో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి సెలైన్ పెట్టించాం. మంచం పక్కన నేల మీద కూర్చుని మేము నిజంగా ప్రార్థన చేసింది ఆ రోజే. చాలా నెలల తర్వాత.

ఇప్పుడు ఆ రిజిస్టర్ సంగతి.

1871లో తెల్లదొరల ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని తిరగరాసి మన మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించేట్టు చేశారు. దొంగతనం చేసినవాణ్ణి దొంగ అనడం వేరు. ఈ చట్టం ఫలానా తెగలో పుట్టినవాణ్ణి దొంగ అంది. వేలిముద్రలు తీసుకుని పేరు రాసుకుంటారు. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. ఎరుకల వాళ్ల మీద ఇది గట్టిగా పడింది. యానాదుల్లోనూ కొన్ని చోట్ల పడింది. ఇందులో నవ్వొచ్చే ముక్క ఒకటుంది. యానాదుల్ని ఎన్నో ఊళ్లల్లో కాపలాకి పెట్టుకునేవాళ్లు. చేలకి, ఊరికి, దొడ్లకి. కాగితంలో దొంగ, రాత్రిపూట కాపలా.

అప్పట్లో ఎరుకల కుటుంబాల్ని ఒకచోట చేర్చి కాలనీ కట్టే పని ప్రభుత్వం రక్షణ సైన్యానికి అప్పగించింది. సాల్వేషన్ ఆర్మీ అంటే ఎక్కువమందికి తెలుసు. 1865లో లండన్ పేదల పేటలో విలియం బూత్ మొదలెట్టిన పరిచర్య అది, 1878 నుంచి ఆ పేరు. అక్కడ అన్నీ యుద్ధం మాటలే. పాస్టరు కెప్టెన్, మేజర్. విశ్వాసి సైనికుడు. జెండా, యూనిఫాం. మన దేశానికి 1882లో వచ్చారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం వాళ్ల చేతుల్లోనే లేచింది, మొదటి ప్రపంచ యుద్ధానికి కొంచెం అటూ ఇటూగా. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హరోల్డ్ స్టువర్ట్ పేరు ఆ ఊరికి పెట్టారు.

వాళ్లు చేసిన మేలు చిన్నది కాదు. బడి పెట్టారు, మందులిచ్చారు, సాగుకి భూమి చూపించారు. చీరాలలో ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీలో ఎంతోమందికి పని దొరికింది. అయితే ఆదివారం రక్షణ గురించి చెప్పే చేతే సోమవారం హాజరు పట్టీ కూడా పట్టుకునేది. నీ పాపాలు కడిగేశాడు అని చెప్పి, పేరు మాత్రం రిజిస్టర్‌లో అట్లాగే ఉంచడం. ఆ రెండూ ఒకే ఆవరణలో ఎట్లా ఇమిడాయో మాకు ఇప్పటికీ మింగుడు పడదు. చట్టం 1952లో రద్దయింది. పేరు పోవడానికి చట్టం రద్దయితే చాలదు కదా. స్టువర్టుపురం అనగానే సినిమావాళ్లకి కూడా ఇప్పటికీ దొంగలే గుర్తొస్తారు.

ఇంకో సంగతి చెప్తే మా మందిరంలో కొందరికి నచ్చదు, అయినా చెప్తాం. 1970ల్లో స్టువర్టుపురం వెళ్లి, ఇళ్లల్లో కూర్చుని, నేరం మానాలనుకునేవాళ్లకి అండగా నిలబడ్డవాళ్లు హేమలతా లవణం, లవణం గార్లు. ఆమె గుర్రం జాషువా గారి కూతురు. ఆయన గోరా గారి కొడుకు. గోరా అంటే మన కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టినాయన. దేవుడు లేడనే ఇంటినుంచి వచ్చినవాళ్లు ఆ పిల్లల్ని చూసి, మీరు పుట్టుకతో దొంగలు కాదు అన్నారు. దేవుడున్నాడనే మైకులోంచి మాకు వినపడింది, మీరు పుట్టుకతో శాపగ్రస్తులు అని.

బావ ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక రాత్రి గదిలో ఇదే మాట నలుగుతోంది. మాలో ఒకడు స్పెషల్ తెలుగు. వాడికి మాటల్ని విడగొట్టి చూసే పిచ్చి. ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయం తీశాం, యుద్ధకవచం గురించి ఉంటది కదా, అది. అందులో సాతానుకి తెలుగు బైబిల్లో ఉన్న మాట అపవాది. వాడు ఆగిపోయాడు. "ఒరేయ్, అపవాది అంటే అపవాదు వేసేవాడు కదరా" అన్నాడు.

చిన్నప్పట్నించి ఆ మాట వింటున్నాం. దయ్యం, కొమ్ములు, తోక, అట్లాంటిదేదో అనుకున్నాం. గ్రీకులో కూడా ఆ మాటకి అర్థం నింద వేసేవాడనే. హెబ్రీలో సాతాను అంటే ఎదురు నిలబడేవాడు, కోర్టులో అవతలి పక్షం లాగా. జెకర్యా మూడో అధ్యాయంలో యెహోషువ అనే యాజకుడు మురికి బట్టలతో నిలబడి ఉంటాడు. సాతాను వచ్చి చేసే పని ఏమిటి? జ్వరం తెప్పించడు, పరీక్ష తప్పించడు. పక్కన నిలబడి నేరం మోపుతాడు. దేవుడేమో వాణ్ణి గద్దించి, ఆ మురికి బట్టలు తీయించి మంచి బట్టలు కట్టిస్తాడు. ప్రకటన గ్రంథం పన్నెండో అధ్యాయంలోనూ వాడి పని అదే, రాత్రీ పగలూ నేరం మోపడం.

అంటే ఎవరి గొంతు ఎవరిదో ఇప్పుడు తేల్చుకోవచ్చు. ఏళ్ల తరబడి మన తాతముత్తాతల మీద అపవాదు వేసింది ఒక చట్టం. ఆ చట్టం పోయాక అదే మాట వేషం మార్చి తరతరాల శాపం అనే పేరుతో మైకెక్కింది. చట్టమూ రక్తం అంది, ప్రసంగమూ రక్తం అంది. సాతానుని తొక్కుతున్నామని మేము నేల తంతున్నాం, వాడి మాట బాక్సుల్లోంచి వస్తోంది. ఆ ప్రసంగీకుడు సాతాను అని మేము అనట్లేదు. ఆయన నమ్మే చెప్పాడేమో. మాట మాత్రం ఎవరిదో ఆలోచించాలి.

ఆయన చూపించిన వాక్యం నిర్గమకాండం ఇరవైలోది, తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా అని. అక్కడే వెంటనే కరుణ వెయ్యి తరాల దాకా అని ఉంది, అది ఆయన చదవలేదు. యెహెజ్కేలు పద్దెనిమిదో అధ్యాయం అయితే మొత్తం దీని గురించే. బబులోనుకి చెరపట్టి తీసుకుపోయిన జనం ఒక సామెత చెప్పుకునేవాళ్లు, తండ్రులు పుల్ల ద్రాక్షలు తింటే పిల్లల పళ్లు పులిశాయని. మనం చింతకాయ తిన్నప్పుడు పళ్లు జివ్వుమంటాయి చూడండి, అది. ఆ సామెత ఇంక మీ నోట రాకూడదు అంటాడు దేవుడు. ఎవడి లెక్క వాడిదే. యోహాను తొమ్మిదిలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులే అడుగుతారు, ఇది ఎవరి పాపం, వీడిదా వీళ్ల అమ్మానాన్నలదా అని. యేసు రెండూ కాదంటాడు. బురద చేసి కళ్లకి పూస్తాడు, పోయి కడుక్కోమంటాడు. శాపం తెంచే కార్యక్రమమేమీ పెట్టలేదు. కానుకా అడగలేదు.

బావ ఇవన్నీ విన్నాడు. విని, "చదవడానికి బాగానే ఉంది, లోపల మాత్రం అట్లా లేదురా" అన్నాడు.

వాడన్నది నిజం. యుద్ధం ఎక్కడుందో వాడే చెప్పాడు. లోపల ఉంది. సామెతల నాలుగో అధ్యాయంలో అన్నిటికంటే ముందు హృదయాన్ని కాపాడుకోమని ఉంటది. మనం హృదయం అంటే ప్రేమ పాటల్లో మాట అనుకుంటాం. హెబ్రీ బైబిల్లో లేబ్ అంటే మనిషి ఆలోచించేదీ, నిర్ణయం తీసుకునేదీ, గుర్తుపెట్టుకునేదీ అక్కడే. నేనెవర్ని అని మనకి మనం చెప్పుకునే చోటు. ఆ చోట ఎవడి మాట కూర్చుంటే మనిషి వాడివాడైపోతాడు. అందుకే కాపలా.

కాపలా సంగతి మాకు ఒకళ్లు చెప్పక్కర్లా. మాలో నలుగురి నాన్నలకీ అదే పని. దివిసీమలో, బందరు చుట్టుపక్కల చెరువుల మీద రాత్రంతా టార్చిలైటు పట్టుకుని తిరగాలి. దొంగలొస్తారని కాదు, దొంగలు ఎప్పుడో గానీ రారు. చూడాల్సింది గట్టు. గట్టుకి పీత బొక్క పెడుద్ది. మొదట చెంబుడు నీళ్లు కారతాయి, ఎవరికీ కనపడదు. చూసుకోకపోతే తెల్లారేసరికి గండి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే రొయ్య పైకి తేలుద్ది, అప్పుడు ఏరియేటర్లు ఆగాయేమో చూడాలి. ఇవన్నీ అరుపులతో అయ్యే పనులు కావు. నడవాలి, వంగి చూడాలి, మట్టి తెచ్చి పూడ్చాలి, మళ్లీ రాత్రి మళ్లీ నడవాలి. బావ లోపల బొక్క చాలా ఏళ్ల కింద పడింది. మూడో తరగతిలో పక్కవాడి పెన్సిలు పోతే అందరూ వాడి వైపు చూశారంట. అప్పటినుంచి కారతానే ఉంది.

పౌలు కవచంలో గుండె మీద పెట్టుకునేదానికి తెలుగు బైబిల్లో మైమరువు అని ఉంటది. మా మామ్మ దాన్ని మైమరుపు అని చదివేది, ఒళ్లు మరిచి పాడటం అనుకుని. నీతి అనే మైమరువు. స్పెషల్ తెలుగోడు అన్నాడు, నీతి అంటే మనం మంచోళ్లం అని మనం కట్టుకునేది కాదు, నువ్వు నిర్దోషివి అని న్యాయాధిపతి ఇచ్చిన తీర్పు అని. గుండె మీద ఆ తీర్పు కట్టుకుని తిరగమంటున్నాడు పౌలు. ఆ రాత్రి బావ ఏమీ మాట్లాడలేదు. పొద్దున రాగి జావ తాగాడు.

మామ్మ గురించి కొంచెం చెప్పాలి. ఈ మాటలు మాకు పుస్తకాల్లో దొరికాయి గానీ ఆవిడకి పుస్తకం లేకుండానే తెలుసు. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. సుమారు 10,000 మంది పోయారంటారు. మామ్మకి అప్పుడు కొత్తగా పెళ్లయింది. తుమ్మ చెట్టు పట్టుకుని ముళ్లల్లో రాత్రంతా ఉంది. ఇప్పటికీ మోచేతుల మీద గీతలున్నాయి. చుట్టాల్లో ఎంతమంది పోయారో లెక్క చెప్పదు, పేర్లు చెప్తది. తర్వాత సహాయ శిబిరంలో గంజి పోసినవాళ్లు పాడే పాటలు విని ఆవిడ ప్రభువుని నమ్ముకుంది. ప్రసంగం విని కాదు. ఒక మనిషి తన పుండ్లు కడిగిందంట, ముట్టుకోవడానికి వెనకాడకుండా.

బందరు క్రైస్తవం చాలా పాతది. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో ఇక్కడ దిగారు. నోబుల్ 1843లో బడి పెట్టాడు, అదే ఇప్పటి నోబుల్ కాలేజీకి మొదలు. ఆ బడి పై కులాల పిల్లల కోసం మొదలైంది, అంటరానివాళ్లుగా చూసినవాళ్లకి అందులో చోటు లేదు. పైవాళ్లకి చెప్తే కిందకి దానంతటదే దిగుద్దని ఆలోచన. ఫాక్స్ ఊళ్లు పట్టుకుని తిరిగాడు, ఆరోగ్యం చెడి 1848లో పోయాడు. నోబుల్ ఇరవై ఏళ్లకి పైగా ఇక్కడే చెప్పి 1865లో ఇక్కడే పోయాడు, ఆయన్ని తక్కువ చేయలేం. కానీ మా పాకల దాకా సువార్త వచ్చిన దారి అది కాదు. పైనుంచి దిగలేదు. ఉప్పెన తర్వాత బురదలో నడుచుకుంటా వచ్చింది.

బావ సంగతి ఫోనులో చెప్తే మామ్మ కాసేపు ఊరుకుంది. "ఉప్పెనప్పుడూ అన్నార్రా, మీ పాపం పండిందని. మునిగింది ఎవరు? గట్టు కింద పాకలోళ్లం. డాబా ఎక్కినోళ్లు బతికారు. పాపం డాబా ఎక్కలేదా?" అంది. ఆకు మందుల మాట కూడా చెప్పాం. వాళ్ల నాన్న తేలుకాటుకి, కడుపునొప్పికి, బాలింతలకి మందిచ్చేవాడు, ఏ చెట్టు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పేవాడంట. (పాము కరిస్తే మేము ఆసుపత్రికే పరిగెత్తుతాం, అది వేరే సంగతి.) మామ్మకి కోపమొచ్చింది. "ఆకు పుట్టించింది ఎవడ్రా? సైతానుకి ఇత్తనం ఎయ్యడం వచ్చా?" అంది. మేము స్పీకర్ ఆన్ చేసి పెట్టాం. బావ నవ్వాడు. చాలా రోజుల తర్వాత.

అక్కడితో అయిపోయిందనుకోకండి. ఒక నెల తర్వాత హాస్టల్లో ఎవరిదో ఫోను పోయింది. ముందుగా మా గది పెట్టెలే తెరిపించారు. బైబిళ్లు, బట్టలు, మామ్మ పంపిన ఎండు రొయ్యల పొట్లం, అన్నీ మంచం మీద పరిచారు. ఆ ఫోను రెండు రోజులకి వాళ్ల ఊళ్లోనే దొరికింది. మాకు వచ్చి ఎవరూ ఏమీ అనలేదు. బావ మొహం మళ్లీ వెనక్కి పోయింది, "చూశారా" అన్నాడు అంతే. మిగతా మాకు గుండెలో వేరే బొక్క పడింది. ద్వేషం. ఆ మూడు రోజులు మేము అన్నం తినేటప్పుడు కూడా వాళ్ల మొహాలు చూడలేకపోయాం. వాళ్లకి ఏదైనా అయితే బాగుండని ఉండేది.

మన పోరాటం రక్తమాంసాలున్న మనుషులతో కాదని పౌలు రాస్తాడు. ఈ వాక్యం మనలాంటోళ్ల నోరు మూయించడానికి బాగా వాడతారు. కూలి తక్కువిచ్చినా, భూమి లాక్కున్నా, మనుషులతో పోట్లాడకండి, ప్రార్థన చేసుకోండి అంటారు. మేము అట్లా చదవం. ఆ మాట రాసేటప్పుడు పౌలు జైల్లో గొలుసులతో ఉన్నాడు. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి, తర్వాత గప్‌చుప్‌గా పొమ్మంటే పోలేదు ఆయన, నేను రోమా పౌరుణ్ణి, మీరే వచ్చి బయటికి తీసుకెళ్లండి అన్నాడు. అపొస్తలుల కార్యాలు పదహారులో ఉంది. హక్కు అడిగాడు, పగ పెట్టుకోలేదు. మేము ఏడుగురం సంతకాలు పెట్టి కాగితం ఇచ్చాం. వస్తువు పోతే వెతకండి, వెతికితే అన్ని గదులూ వెతకండి అని. ఇప్పుడు అట్లాగే చేస్తున్నారు. ద్వేషం మాత్రం కాగితం ఇస్తే పోలేదు. దానికి రోజూ రాత్రి గట్టు మీద నడవాల్సి వచ్చింది. పేరు పేరునా వాళ్లకోసం ప్రార్థన చేయడం. మొదటి వారం పళ్లు కొరుక్కుంటా చేశాం.

లైబ్రరీలో జాన్ వెస్లీ గురించి చదివాం. విలియం బూత్ కూడా మెథడిస్టు బోధకుడిగా పనిచేసినవాడే, ఆ మెథడిస్టుల మూలపురుషుడు వెస్లీ. ఆయన అప్పటికే పాస్టరు, అమెరికా వెళ్లి ఎండిపోయి తిరిగొచ్చాడు. 1738 మే 24 సాయంత్రం లండన్‌లో చిన్న కూడికలో ఎవరో చదువుతుంటే వింటూ కూర్చున్నాడు, గుండెకి వెచ్చదనం తగిలినట్టు రాసుకున్నాడు. అరుపులేమీ లేవు. మరుసటి ఏడాది బొగ్గు గనుల కూలీల దగ్గరికి ఆరుబయట చెప్పడానికి పోయాడు. మాకు అట్లా ఫలానా రోజు అని చెప్పడానికేం లేదు. ఆసుపత్రి నేల మీద మొదలైందేమో. మామ్మ ఫోనులోనేమో. పళ్లు కొరుక్కుంటా చేసిన ప్రార్థనలో కొరకడం ఎప్పుడు ఆగిందో కూడా గుర్తులేదు.

బావ వాళ్ల నాన్నకి ఫోను చేసి ముత్తాత గురించి అడిగాడు. మామూలుగా ఆ ఇంట్లో ఆ మాట ఎత్తరు. ఆయన చెప్పాడంట, ముత్తాత చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పనిచేశాడు, ఒక్కసారి కూడా జైలుకి పోలేదు, పేరు మాత్రం చిన్నప్పటినుంచీ రిజిస్టర్‌లో ఉంది. హాజరు ఒక్క రోజు తప్పలేదంట. "అంత నిజాయితీగా హాజరు వేయించుకున్న దొంగ ఎవడుంటాడ్రా" అన్నాడు బావ మాతో. ఆ మాట అనేటప్పుడు వాడి గొంతు మామూలుగానే ఉంది.

పక్కన పెట్టిన ఐదు వేలల్లో పరీక్ష ఫీజు కట్టాడు. మిగిలింది ఇంటికి పంపాడు. సప్లిమెంటరీ రాయాలి, రెండు పేపర్లు. ఇప్పటికీ కొన్ని రాత్రులు లేస్తాడు. అప్పుడు ఎవరో ఒకళ్లం లేచి వాడితో వరండాలో తిరుగుతాం.

మీ ఊళ్లల్లో ఎవరికైనా ఈ శాపం మాట చెప్పి ఉంటే, డబ్బు అడిగి ఉంటే, ఇక్కడ రాయండి. ఆదివారం సాయంత్రం ఆరింటికి మా గదిలో కూర్చుంటున్నాం. మొదట ఏడుగురం, ఇప్పుడు పదకొండు మంది, అందులో ఒకడు దేవుణ్ణి నమ్మడు, వాదించడానికి వస్తాడు, వాడికి కూడా టీ ఉంది. యెహెజ్కేలు పద్దెనిమిది అయిపోయింది. పోయిన వారం యోబు మొదలెట్టాం.